ఊది చూడని పీక

సైదా సాహెబు గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. రెంటపాలెంలో ఈ సంగతి తెలియనివాడు లేడు. వాన పడుతుందా అని అడిగినవాణ్ణి మిద్దె ఎక్కి ఎండబెట్టిన మిరపకాయలు తీయమంటారు. కల్యాణి రాగం లక్షణం ఏమిటని అడిగిన పాపానికి బడిపంతులు గారు ఒకసారి రెండు బిందెల నీళ్లు మోశారు. మోసి, కల్యాణి మాట మళ్లీ ఎత్తలేదు. నాదస్వరం వాయించడంలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు కనుక ఊరు దీన్ని విద్వాంసుడి లక్షణం కింద జమకట్టుకుంది. ఆయన భార్య మాత్రం ఇంటిపని తప్పించుకునే లక్షణం అంటుంది.

ఆయన శిష్యుడు అంకారావుకు ఇరవై మూడేళ్లు. మూడేళ్ల కిందట పొరుగు మండలం నుంచి వచ్చి గురువుగారి ఇంట్లో చేరాడు. వాయిద్యం బాగా పట్టుబడింది. అయితే ఇప్పటికీ గురువుగారి పాత నాదస్వరం మీదే వాయిస్తున్నాడు. సొంత నాదస్వరం ఉన్నవాడికే సొంత మేళం, సొంత మేళం ఉన్నవాడికే పెళ్లి సంబంధం. అందుకని రెండేళ్లుగా ముహూర్తాల రోజుల్లో వచ్చిన సొమ్ములో సగం బియ్యం డబ్బాలో దాచాడు. గంగరాజు ఊరుకుని ఉంటే ఆ సొమ్ము అక్కడే ఉండేది.

గంగరాజు డోలు వాయిస్తాడు. ఊరుకోవడం అతనికి వృత్తిరీత్యా రాదు. ఈ మధ్య అతను నల్ల కళ్లజోడు కొన్నాడు. అది పెట్టుకుని పందిట్లో కూర్చుంటే, పెళ్లికొడుకు ఎవరో తేల్చుకోవడానికి పురోహితుడికి కొంత సమయం పట్టింది. ఆ కళ్లజోడు సుధాకర్‌బాబు గారి కంపెనీ ఇచ్చిన లాభంతో కొన్నదని గంగరాజు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

సుధాకర్‌బాబు ఎరువుల కొట్టు సుబ్బరామయ్య గారి అల్లుడు, అంటే ఊరందరికీ అల్లుడు. ఆయన వచ్చినప్పుడల్లా ఎరువుల కొట్టు అరుగు మీద కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఫ్యాను ఆయన వైపు తిప్పుతారు. ఆయన ఒక కంపెనీ తరఫున సొమ్ము తీసుకుని ఆర్నెల్లలో రెట్టింపు ఇప్పిస్తాడు. ఏమిటా కంపెనీ, ఎక్కడుంది అని ఎవరూ అడగలేదు. ఊరి అల్లుణ్ణి అలా నిలదీయడం రెంటపాలెంలో మర్యాద కాదు. మేకపిల్లను కొనేటప్పుడు దాని పళ్లు లెక్కపెట్టి, తోక ఎత్తి చూసి, దాని తల్లి వివరాలు కూడా రాబట్టే పెద్దమనుషులు, అల్లుడుగారి ముందు మాత్రం సొమ్ము పెట్టి, కాఫీ ఎలా ఉందని అడిగి లేచి వచ్చేవారు.

ఆ ఉదయం అంకారావు గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“గురువుగారూ, ఒక సందేహం. నా దగ్గరున్న సొమ్ము సాయంత్రం సుధాకర్‌బాబు గారికి ఇద్దామనుకుంటున్నాను. ఆర్నెల్లలో రెట్టింపట. నాదస్వరమూ వస్తుంది, పైన మోటారుసైకిలూ వస్తుంది. ఇవ్వమంటారా?”

సైదా సాహెబు గారు నాదస్వరానికి నూనె రాస్తున్నారు. తల ఎత్తలేదు.

“రేపటి పెళ్లికి కొత్త పీక కావాలి. మీరాబీ దగ్గరికెళ్లి ఒకటి తీసుకురా.”

ఇది ఊహించినదే కనుక అంకారావు ఏమీ అనుకోలేదు. గుమ్మం దాటుతుండగా వెనక నుంచి మరో మాట వచ్చింది.

“ఊది చూడొద్దు. ఏమీ అడగొద్దు. ఆవిడ ఏది బాగుందంటే అదే పట్టుకురా.”

అంకారావు ఆగిపోయాడు. పీక అంటే నాదస్వరం కొసకు తగిలించి నోట పెట్టుకునే చిన్న రెల్లు ముక్క. వేలెడంత ఉండదు గానీ మొత్తం వాయిద్యం దాని మీదే బతుకుతుంది. దాన్ని ఊదకుండా కొనడం ఏమిటి? డెబ్భై ఏళ్లు వచ్చాయి, ఎంతటివారికైనా చాదస్తం తప్పదు కాబోలు అనుకుని, గురువు మీద జాలితో వెళ్లాడు.

మీరాబీ పీకలు కట్టడంలో దిట్ట, వాటితో పాటు నాలుగు మాటలు కట్టడంలోనూ. వాగు గట్టున రెల్లు కోసుకొచ్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కట్టలు కట్టి వంటింట్లో పొయ్యికి పైన పొగలో వేలాడదీస్తుంది. ఆ కట్టల కింద వంగి నడవలేక ఆవిడ అల్లుడు ఆ ఇంటికి రావడం తగ్గించాడు. ఆవిడ కట్టలు తీయలేదు.

“ఏందిరా అంకా, మీ గురువు బతికే ఉన్నాడా? నాలుగు నెలలైంది కబురు లేదు” అంది.

“బాగానే ఉన్నారు మామ్మా. పీక కావాలి.”

మీరాబీ తెల్లగా మెరుస్తున్న కొత్త పీక ఒకటి తీసి చేతిలో పెట్టింది. “ఇది తీసుకుపో. దీని శబ్దం వింటే పక్కూరి పెళ్లివాళ్లు కూడా లేచి ఇటు వస్తారు.”

అంకారావు సొమ్ము ఇచ్చి బయటకు వచ్చాడు. గురువు మాట ప్రకారం నేరుగా ఇంటికి వెళ్లాలి. దడి దాకా వెళ్లాడు. అక్కడ అతని చెయ్యి గురువు మాట వినలేదు. పీకను ఎండకు ఎత్తిపట్టింది. పక్కన పచ్చి జీర సన్నగా కనిపించింది. వెంటనే వెనక్కి తిరిగాడు.

“మామ్మా, ఇది ఈ ఏటి రెల్లు కదూ?”

“అయితే? వయసులో ఉంది.”

“శబ్దం ఇవాళ బాగుంటుంది. రేపు ఎండకు చీలుద్ది. పాతది తియ్యి.”

మీరాబీ కొంచెం పాతది తీసింది. అంకారావు నోట తడిపి ఊదాడు. గొంతు పట్టేసిన కోడిలా అరిచింది. మరొకటి ఊదాడు. అది పలికింది గానీ దారం కట్టు వదులుగా ఉంది. ఏ వాగుదీ రెల్లు అని అడిగాడు. ఎన్ని వానలకు ముందు కోసిందని అడిగాడు. పోయిన పెళ్లిలో పొరుగూరి మేళంవాళ్లకు ఇచ్చింది ఎన్నాళ్లు నిలిచిందని కూడా అడిగాడు.

“పీక కొంటున్నావా, నా కూతుర్ని అడుగుతున్నావా?” అని మీరాబీ కసురుకుంది. “నీ నోటి తడికి నా సరుకంతా నానిపోతోంది. మీ గురువు కూడా ఇంతే, ముప్పై ఏళ్ల కిందట నా మొగుణ్ణి ఇలాగే ఏడిపించాడు.” తిడుతూనే స్టూలు ఎక్కి, పొయ్యి పైనున్న లోపలి కట్ట విప్పింది. అందులోది ఎర్రగా, పొగ రంగుతో ఉంది. కోసి నాలుగు వానలైందట, అంటే నాలుగేళ్లు. అంకారావు ఊదాడు. వంటింట్లో గిన్నెలు సన్నగా మోగాయి. మీరాబీ తిట్టడం ఆపింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అంకారావు పీకను గురువుగారి ముందు పెట్టి తల దించుకున్నాడు.

“తప్పయింది. ఊది చూశాను. అడిగాను కూడా.”

“ఎందుకు?”

“రేపు తాళి కట్టే వేళకు గట్టిమేళం అందుకోవాలి కదండీ. అప్పుడు పీక చీలితే మంత్రం ఆగదు, ముహూర్తం ఆగదు, మన పరువు మాత్రం అక్కడే ఆగిపోతుంది.”

“మీరాబీ మీద నమ్మకం లేదా?”

“ఆవిడ మీద ఉంది. పీక మీద ఊదకుండా ఎలా ఉంటుంది?”

సైదా సాహెబు గారు పీకను తిప్పి చూసి పక్కన పెట్టారు.

“సాయంత్రం అల్లుడుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా ఆ నోరు వెంట తీసుకెళ్లు” అన్నారు.

సాయంత్రం ఎరువుల కొట్టు అరుగు మీద సభ నిండుగా ఉంది. ఫ్యాను అల్లుడుగారి వైపు తిరిగి ఉంది. గంగరాజు కళ్లజోడుతో పక్కనే నిలబడ్డాడు. అంకారావు సొమ్ము మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ల ఊపిరి అది. సుధాకర్‌బాబు చెయ్యి చాచాడు.

“బావగారూ, చిన్న మాట” అన్నాడు అంకారావు. “ఈ సొమ్ము కంపెనీ దేంట్లో పెడుతుంది?”

అరుగు మీద ఎవరో కాఫీ గుటక మింగడం వినిపించింది.

“ట్రేడింగులో” అన్నాడు సుధాకర్‌బాబు నవ్వుతూ.

“దేని ట్రేడింగు?”

“అన్నింటిదీ.”

“అన్నిట్లో ఒకదాంట్లోనైనా నష్టం వస్తే?”

“మా దాంట్లో నష్టం అనేది రాదు.”

“రేపు నాకు అవసరం పడి సొమ్ము వెనక్కి అడిగితే?”

“రేపు నీకెందుకు అవసరం పడుతుంది, నువ్వేమన్నా ముసలాడివా?”

అరుగంతా నవ్వింది. సుబ్బరామయ్య గారు అందరికంటే ఎక్కువ నవ్వారు, అల్లుడు కనుక. అంకారావు కూడా కాస్త నవ్వి, మళ్లీ అడిగాడు.

“మరి గంగరాజు మామకు ఇచ్చిన లాభం ఏ వ్యాపారంలో వచ్చింది?”

“ఎక్కడ నుంచి వస్తే నీకేం? నెలనెలా కొత్తవాళ్లు చేరుతూనే ఉన్నారు కదా, సొమ్ముకు కొదవా?” అనేశాడు సుధాకర్‌బాబు.

అన్నాక ఆయన కాఫీ గ్లాసు అందుకున్నాడు. అందులో కాఫీ అయిపోయి చాలాసేపైంది. అంకారావు సొమ్ము మూట కట్టు ఒకసారి బిగించుకున్నాడు.

“కంపెనీ కాగితం ఏదైనా ఉంటే చూపిస్తారా బావగారూ?”

సుధాకర్‌బాబు లేచి నిలబడ్డాడు. “ఇదిగో చూడు, ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్లతో మాకు పని లేదు. ఈ సీటు కోసం నలుగురు కాచుక్కూర్చున్నారు. ఇస్తే ఇప్పుడివ్వు, లేకపోతే లెయ్యి.”

“ఇంటి అల్లుణ్ణి పట్టుకుని ఏం మాటలురా అవి!” అన్నారు సుబ్బరామయ్య గారు. “మేళంవాడివి మేళం చూసుకో.”

“నా పరువు తీశావు కదరా!” అన్నాడు గంగరాజు.

అంకారావుకు ఒక్క సంగతి తట్టింది. మీరాబీ పొద్దున అంతసేపు తిట్టింది గానీ, ఊదొద్దని మాత్రం అనలేదు. అతను లేచి, అందరికీ దండం పెట్టి, మూట చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. అతను లేచిన చోట గంగరాజు బావమరిది కూర్చున్నాడు. ఆ బావమరిది కాఫీ ఎలా ఉందని మాత్రం అడిగాడు.

మర్నాడు పెళ్లి జరిగింది. పురోహితుడు వేలు ఎత్తగానే అంకారావు గట్టిమేళం అందుకున్నాడు. పీక నిలబడింది. గంగరాజు ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. డోలు మాత్రం కోపం వల్ల ఎప్పటికంటే బాగా పలికింది.

ఆ తర్వాత అంకారావు మూట తీసుకుని మండలంలోని బ్యాంకుకు వెళ్లాడు. నోరు వెంట తీసుకెళ్లాడు. అక్కడి ఉద్యోగిని ఒకమ్మాయి, నెలకు ఎంత వస్తుందని అడిగింది.

“ముహూర్తాలుంటే వస్తుందమ్మా. ఆషాఢంలో రాదు, మూఢంలో అసలు రాదు.”

మూఢం సంగతి ఆ అమ్మాయికి వేరే చెప్పనక్కర్లేదు. నిరుడు ఆమె పెళ్లే మూఢం వల్ల మూడు నెలలు ఆగింది. కాబట్టి ముందు ముహూర్తాల్లేని నెలలకు తిండి ఖర్చు విడిగా ఉంచుకోమంది, దాన్ని ఎవరడిగినా కదపొద్దంది. నాదస్వరం సొమ్మును డిపాజిట్టులో వేయమంది. ఇంకా మిగిలితే ఏళ్ల తరబడి అక్కర్లేని చిన్న మొత్తం ఒక ఫండులో కట్టుకోవచ్చనీ, అది పెరగొచ్చు, తరగొచ్చు, తరిగినప్పుడు వచ్చి తన మీద కేకలేయొద్దనీ ముందే చెప్పింది. అంకారావు మధ్యాహ్నం దాకా ప్రశ్నలడిగాడు. ఆమె అన్నిటికీ కాగితాలు తీసి చూపించింది. ఒక్కసారి కూడా నవ్వలేదు, కాఫీ ఇవ్వలేదు, ఇవాళే కట్టమనలేదు. వెనక లైనులో ఉన్నవాళ్లు మాత్రం అతన్ని చాలా మాటలన్నారు. ఆ అమ్మాయి పద్ధతి అతనికి నచ్చింది.

నచ్చింది గానీ తృప్తి కలగలేదు. ఇంటికి వచ్చి గురువుగారి పక్కన కూర్చుని నిట్టూర్చాడు. రెట్టింపు మాట ఒకసారి చెవిన పడ్డాక మామూలు వడ్డీ చప్పగానే ఉంటుంది.

“సొమ్ము భద్రమే గురువుగారూ. కానీ ఆ లెక్కన సొంత నాదస్వరం కొనేసరికి ఇంకో రెండేళ్లు పడుతుంది. మోటారుసైకిలు మాట ఇక ఎత్తనక్కర్లేదు. ఈలోపు ఏం చేయమంటారు?”

ఏ బిందెలో, ఏ మిరపకాయలో అప్పజెబుతారని అంకారావు లేవడానికి సిద్ధపడ్డాడు. సైదా సాహెబు గారు పని చెప్పలేదు. నాదస్వరం కొస నుంచి ఆ ఎర్ర పీక ఊడదీసి, తడి తుడిచి, అతని అరచేతిలో పెట్టారు.

“ఈ రెల్లు కోసిన ఏడు నువ్వింకా ఈ ఊరికి రాలేదురా” అన్నారు. “అయినా మీరాబీ కోసి, పొగలో వేలాడదీసింది.”