దివాన్ గారి కుర్చీ ఎక్కిన కెమెరా

ఊఁ కొట్టే ఓపిక ఉన్నవారికే చెబుతున్నాను. అనగనగా చింతలమెట్ట సంస్థానం. ఆ రాజావారికి ఒకనాడు కొలువుతో సహా ఫోటో తీయించుకోవాలని బుద్ధి పుట్టింది.

కోటలో పురాణం చదివే ఉమాకాంతం పంతులు పట్నం నుంచి ఫోటోగ్రాఫరును రప్పించాడు. కెమెరా దూడంత బరువు. దాని స్టాండు కాస్తా దారిలో బండి కుదుపులకు విరిగింది.

పంతులంటే గిట్టని దివాన్ భుజంగరావుగారికి పండగైంది.

"ప్రభూ, ఎండ ముంగిలి దాటేలోగా ఫోటో తీయకపోతే ఈ పంతులుని కోట దాటించాలి."

రాజావారు సరేనన్నారు. పంతులు కెమెరాకు ఆసరా వెతకసాగాడు.

నులకమంచం తెప్పించాడు. కెమెరా అందులో కుంగి నేలకు దండం పెట్టింది. భోషాణం తెప్పించాడు. గట్టిదే గాని పొట్టిది.

"ఈ ఎత్తు నుంచి ప్రభువుల బొజ్జ వరకే వస్తుందండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఇంకేం మిగిలిందయ్యా పంతులూ, రోలా?" అని దివాన్ వెక్కిరించాడు.

భోషాణం మీదికి బరువైన కుర్చీ ఒకటి కావాలి. కొలువులో అన్నీ పేముకుర్చీలే. సింహాసనం అడగరాదు. మిగిలింది దివాన్ గారిది.

"కొలువు ముగిసేదాకా ఆసనం దిగకూడదు. అది మన ఆచారం!" అని దివాన్ కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు.

ఆ కుర్చీ సంగతి అందరికీ తెలుసు. ఏటేటా కాళ్ళ కింద ఒక్కొక్క చెక్క కొట్టించి, దివాన్ దాన్ని సింహాసనం కన్నా ఎత్తు చేశాడు. తెలియనిది రాజావారికే. ఎదుటికే తప్ప పక్కకు చూడకపోవడం వారి రాజసం.

పంతులు దివాన్ చెవి దగ్గర వంగాడు.

"దిగకండి బాబూ. రేపు ఫోటో చేతికొస్తే ఎవరి తల పైనుందో ప్రభువులే తీరిగ్గా చూసుకుంటారు."

దివాన్ ఒక్క ఉదుటున నేల మీదికి దూకాడు.

"ప్రభూ! తమ ఫోటో ముందు ఆచారమెంత? నా కుర్చీ తీసుకోండి!"

నౌకర్లు కుర్చీని భోషాణం మీదికి ఎత్తి, దాని మీద కెమెరాను కూర్చోబెట్టారు. కొండలా నిలిచింది. కుర్చీ కాళ్ళు మాత్రం సరిగ్గా రాజావారి కళ్ళెదుటికి వచ్చాయి.

"దివాన్ గారూ, ఈ కుర్చీ కాళ్ళకు ఇన్ని చెక్కలేమిటి?"

పంతులు చేతులు జోడించాడు.

"ముందుచూపు ప్రభూ! కెమెరాకు ఎంత ఎత్తు కావాలో ఏనాడో ఊహించి, ఏటేటా పెంచుకుంటూ వచ్చారు."

రాజావారు బొజ్జ ఊగేలా నవ్వారు. కొలువంతా నవ్వింది. "కదలకండి మహాప్రభో!" అని నల్లగుడ్డ కింద ఫోటోగ్రాఫరు మొత్తుకున్నాడు. రాజావారు తమ భుజం మీది శాలువా తీసి పంతులుకు కప్పి, దివాన్ గారిని నిలబెట్టే ఫోటో తీయించారు.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ నాంచారమ్మ.