గుంటయ్య హస్తవాసి

వాగొడ్డు ఆసుపత్రిలో కంపౌండరు గుంటయ్య అనే నక్క. గొప్పలు చెప్పుకోవడం ఆయనకి బొత్తిగా గిట్టదు. ఎదుటివాళ్లు చెప్పేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. ముఖ్యంగా తన హస్తవాసి గురించి. ఆ వాసి ఎక్కడ కారిపోతుందోనని, పుండు కడిగి కట్టుకట్టిన చెయ్యి మాత్రం కడుక్కునేవాడు కాదు.

"కట్టుకీ కట్టుకీ మధ్య కాసిన్ని నీళ్లు ముట్టుకోవయ్యా" అనేది డాక్టరమ్మ కొంగ, వాగులో నిలబడి.

"మీది చదువు డాక్టరమ్మా, ఎంత కడిగినా పోదు. నాది చెయ్యి!"

ఎద్దు వీరన్న కాలిపుండుకి ఏడు రోజులు మింగమని కొంగ ఎర్రమందు రాసిచ్చింది. మూడోనాటికి పుండు ఎండింది. గుంటయ్య మిగతా మందు బీరువాలో పెట్టేశాడు.

"ఏడు రోజులన్నారుగా మామా?" అన్నాడు వీరన్న.

"అది మామూలు చేతులకి. నా చెయ్యి పడితే మూడు చాలు. ఏదీ, ఆ మాట నలుగురిలో చెప్పు!"

మేక లచ్చమ్మకి పచ్చమందు. అదీ మూడు రోజులకే ఆపేశాడు. ఏరు సగం దాటి తెప్ప తగలేసుకున్నట్టు, పదోనాటికి ఇద్దరి పుండ్లూ తిరగబెట్టాయి. "గాలి మారింది" అని తేల్చేశాడు గుంటయ్య.

అంతలో తుమ్మముల్లు ఒకటి ఆయన అరచేతిలోనే దిగింది. చెయ్యి బూరెలా పొంగింది. ఎర్రమందు మింగాడు, పచ్చమందు మింగాడు. ఏదీ పనిచెయ్యలేదు. పైగా పుండులోంచి సన్నగా నవ్వులు.

"ఎవర్రా అది?"

"నీ చేతిలో కాపురమున్నవాళ్లమే బాబాయ్, క్రిములం" అంది పుండులోని పెద్ద క్రిమి.

"ఎర్రమందుకి చావాలిగా మీరు!"

"మేమేమన్నా ఒకే మూసలో పోసిన బెల్లం దిమ్మలమా? తలకో తీరు. వీరన్న పుండులో ఉన్నప్పుడు మాలో మెతకవాళ్లు రెండ్రోజుల్లోనే పోయారు. మొండివాళ్లం ఇక పోతామనగా నువ్వే మందు ఆపావు. ఇప్పుడు మా ఇంట పుట్టేవాళ్లంతా మొండిఘటాలే."

"మరి పచ్చమందు?"

"దాన్ని తట్టుకునే కిటుకు లచ్చమ్మ పుండువాళ్లది. నీ చేతిమీదే కలిశాం, వియ్యమందినట్టు ఒకరిది ఒకరం నేర్చుకున్నాం. అబ్బ, నీ హస్తవాసి ఎంత మంచిది బాబాయ్! మాకు."

గుంటయ్య ఏడుస్తూ కొంగ కాళ్లమీద పడ్డాడు. "చెయ్యి తీసెయ్యాలా డాక్టరమ్మా?"

"ఇంకో మందుంది, కటిక చేదు. ఇరవైఒక్క రోజులు, ఒక్కపూట తప్పినా చెయ్యి నీది కాదు. వాగు అవతలి పాకలో ఉండు. పొగడటానికి ఎవరూ రారు."

పక్క పాకల్లో వీరన్న, లచ్చమ్మ కూడా అదే మందు మింగుతున్నారు. "ఏం మామా, నీ చెయ్యి పడితే మూడు రోజులేగా?" అని రోజూ కేకేసేవాడు వీరన్న.

రెండు వేళ్లు పోయాయి, చెయ్యి దక్కింది.

శత్రువుని సగం కొట్టి వదలడమంటే వాడికి సాము నేర్పడమే.

గుంటయ్య ఇప్పుడు కట్టు కట్టినప్పుడల్లా చెయ్యి కడుగుతాడు. కడిగాక, ఎవరైనా చూశారా అని చుట్టూ చూడకుండా ఉండటం మాత్రం ఇంకా చేతకాలేదు.