జారే వైపు

కూర్మాచారి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు నోటి వెంట వచ్చేది కాదు. ముప్పై ఏళ్ళు ఐటీఐలో ఫిట్టరు పని నేర్పిన మనిషి. ఎవరేం అడిగినా ముందు చేతిలో ఒక పనిముట్టు పెట్టేవారు. రిటైరయ్యాక అనకాపల్లిలో మూతపడ్డ బెల్లం గోదామొకటి అద్దెకు తీసుకుని, ఆదివారాలు అక్కడ రిమోటు కార్ల పందాలు నడిపేవారు. అవి పిల్లల బొమ్మలు కావు. మూరెడు పొడవున, మోటారూ గేర్లూ స్ప్రింగులూ అన్నీ ఉండి, నిజం కార్లు ఎలా పోతాయో అలాగే పోయేవి. బ్యాంకు ఉద్యోగులు, మందుల షాపు యజమానులు, ఒక కంటి డాక్టరు, ఇలాంటివాళ్ళు వచ్చి పోటీ పడుతుండేవారు.

వాళ్ళలో తవిటినాయుడు ఒకడు. నలభై దాటినవాడు. మూడేళ్ళ కిందటి దాకా పాడేరు ఘాట్ రోడ్డు మీద జీపు తోలేవాడు. ఒక ఆషాఢ మాసపు వానలో ఎడమ చేతి మలుపు దగ్గర జీపు జారింది. వెనక భాగం లోయలోకి ఒరిగి, చెట్టు అడ్డుపడి ఆగింది. అందరూ బతికారు; వెనక చివర కూర్చున్న కొండమ్మ ఒక్కతే పోయింది. పసుపు కొమ్ముల బస్తాతో సంతకి బయల్దేరిన మనిషి. రోడ్డు మీద ఒలికిన డీజిలే కారణమని పోలీసులు రాసుకున్నారు. కొండమ్మ భర్త సన్నిబాబు ఆసుపత్రికి వచ్చి, "నీ తప్పేటీ లేదు బావూ, దాని రాత అంతే," అని తవిటినాయుడి భుజం తట్టి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి తవిటినాయుడు స్టీరింగు ముట్టలేదు. బెల్లం మండీలో కాటా దగ్గర పనికి కుదిరాడు. ఎవరో అమ్మేస్తున్న పాత రిమోటు కారు ఒకటి కొనుక్కున్నాడు. దాన్లో మనుషులు ఎక్కరు కదా అన్నదే అతని ధైర్యం. మెత్తటి రబ్బరు టైర్లు తెచ్చి, జిగురు ఒక వరస ఆరాక ఇంకో వరస వేసి, చక్రాలకి తనే అంటించాడు. నేలని పట్టుకుని పోయే ఆ కారంటే అతనికి ప్రాణం.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళాక, అతను మాస్టారి బల్ల దగ్గర నిలబడి అడిగాడు.

"మాస్టారూ, అందరూ నా తప్పు లేదనే అంటన్నారు. బండంటే ఏటో తెలిసినోరు మీరు. ఆ రోజు నా తప్పు ఉందా, లేదా? ఒక్క ముక్క చెప్పండి."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నీ కారు టైర్లు ఊడదియ్యి," అన్నారు.

తాను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు తవిటినాయుడు. తను అంత మాట అడిగితే ఈయన టైర్ల గురించి చెబుతున్నారేమిటి? అయినా కాదనలేక కత్తి తీసుకుని అంచు దగ్గర గుచ్చబోయాడు. మాస్టారు కత్తి లాక్కున్నారు. పక్కనే స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, టీ కోసం కాబోలు. నాలుగు చక్రాలూ ఊడదీసి అందులో పడేశారు.

"మాస్టారూ!" అని తవిటినాయుడు గావుకేక పెట్టాడు. చెయ్యి గిన్నెలో పెట్టబోయి ఆవిరి తగిలి వెనక్కి లాక్కున్నాడు.

"ఉడకనియ్యి," అన్నారాయన.

పావుగంటకి జిగురు మెత్తబడింది. గుడ్డతో పట్టుకుని, స్క్రూడ్రైవరు మొన అంచులో దూర్చి తిప్పితే టైరు పొట్టు ఒలిచినట్టు వచ్చేసింది. నాలుగూ అలాగే వచ్చేశాయి. వాటి స్థానంలో మాస్టారు గట్టి ప్లాస్టిక్కు పైపు నుంచి కోసిన కడియాలు తొడిగారు, గాజులా నున్నగా ఉన్నాయవి. వెనక రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగేలా బిగించారు. ముందు చక్రాలు పక్కలకి మామూలుకంటే బాగా ఎక్కువ తిరిగేలా అడ్డుముక్కలు అరగదీశారు. డ్రిఫ్టింగు చేసేవాళ్ళు, అంటే కారును కావాలని జార్చి నడిపేవాళ్ళు, జైరో అనే చిన్న డబ్బా ఒకటి పెట్టుకుంటారు. కారు జారితే అదే స్టీరింగు సరిచేస్తుంది. మాస్టారు అది మాత్రం పెట్టలేదు.

తరవాత సిమెంటు నేల మీద నీళ్ళు చల్లి, సుద్దముక్కతో ఎడమకి తిరిగే మలుపొకటి గీశారు. బయటి గీత చూపించి, "ఇది దాటకుండా తిప్పుకు రా," అన్నారు.

కారు మలుపులోకి వెళ్ళగానే తోక కుడివైపుకి జారింది. తవిటినాయుడు గభాల్న ఎడమకి తిప్పి బ్రేకు వేశాడు. కారు బొంగరంలా తిరిగి, వెనక చక్రాలతో గీత దాటింది. మాస్టారు "మళ్ళీ," అన్నారు. మళ్ళీ అదే. ఏడుసార్లు నడిపితే ఏడుసార్లూ తోకే ముందు గీత దాటింది.

"ఎటు తిప్పుతున్నావు నాయుడూ?"

"లోపలికి మాస్టారూ. తోక బైటికి పోతంటే లోపలికి కాక ఇంకెటు తిప్పుతాం?"

"ఈసారి తోక ఎటు పోతే అటే తిప్పు. బ్రేకు ముట్టకు."

"అటు గీతుంది కదా!"

మాస్టారు కారు తెచ్చి మళ్ళీ మలుపు మొదట్లో పెట్టారు.

ఆ మాట ప్రకారం చేస్తే మొదట రెండుసార్లు కారు అవతలివైపుకి తిరిగిపోయింది. మూడోసారి తవిటినాయుడు వేళ్ళు కాస్తంత, వరిగింజంత, గీత వైపు జరిపాయి. కారు ముక్కు లోపలికి చూస్తోంది, ముందు చక్రాలు బయటికి చూస్తున్నాయి. అలా అడ్డంగానే, గీతకి జానెడు దూరంలో, మలుపు మొదలు నుంచి చివరిదాకా నింపాదిగా జారుకుంటూ వెళ్ళి తిన్నగా నిలబడింది.

"ఇంతేనా?" అన్నాడు తవిటినాయుడు.

"ఇంతే."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నేల మీది సుద్దగీత వైపు చూశాడు. ఎడమ మలుపు. కుడివైపున గీత. కుడివైపున లోయ. ఎడమవైపున కొండ. ఆ రోజు తన రెండు చేతులూ ఏం చేశాయో ఇప్పుడు ఏడుసార్లు కళ్ళారా చూశాడు. రిమోటు బల్ల మీద పెట్టబోతే బల్ల అందలేదు.

"కొండ వేపు తిప్పేశాను మాస్టారూ," అన్నాడు. "లోయ వేపు తిప్పాల్సింది. భయమేసి కొండ వేపు తిప్పేశాను. బ్రేకు కూడా తొక్కాను."

తడి నేల మీదే కూలబడ్డాడు. తల ఎత్తి అడిగాడు, "అలా తిప్పుంటే జీపు ఆగేదా?"

"అది నాకు తెలీదు. ఆగే దారి ఒకటి ఉందని తెలుసు."

"ఇదెందుకు చూపించారు నాకు? తప్పు లేదన్న ఒక్క మాట పట్టుకునే కదా మూడేళ్ళు బతికాను!"

మాస్టారు గోడకి ఆనించి ఉన్న చీపురు తీసుకుని నేల మీది నీళ్ళు ఊడ్చేశారు. తవిటినాయుడు దణ్ణం కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

రెండు ఆదివారాలు అతను రాలేదు. మూడో ఆదివారం వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పాడు. బస్సెక్కి సన్నిబాబు ఊరికి వెళ్ళాడట. వాకిట్లో నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడట: నా చేతులు తప్పు వైపు తిప్పాయి అని. సన్నిబాబు మొహం రాయైపోయిందట. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడట. కొట్టడానికి కర్ర కోసం వెళ్ళాడనుకున్నాడు తవిటినాయుడు. కొట్టించుకోవడానికి సిద్ధపడి అరుగు మీదే కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది.

"మా అల్లుడు మొన్న జీపు కొన్నాడు," అన్నాడట సన్నిబాబు, ఎటో చూస్తూ. "ఆ రోడ్డు మీదే తోల్తన్నాడు. ఎటు తిప్పాలో ఆడికి నేర్పుతావా?"

ఆ మాట విన్నప్పటి దిమ్మెరపోయిన చూపు ఇంకా తవిటినాయుడి కళ్ళలో అలాగే ఉంది.

"నాకు అర్థం కావట్లేదు మాస్టారూ. నా తప్పు లేదన్నప్పుడు ఆయన నన్నేటీ అడగలేదు. తప్పు నాదేనని చెప్పాక, ఇంటి మనిషిని తెచ్చి నా చేతిలో పెడతానంటన్నాడు. ఎందుకలాగ?"

మాస్టారు బల్ల మీది సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టారు.

"నీ తప్పేమీ లేదంటే ఏమిటనుకున్నావు నాయుడూ? నీ వల్ల అయ్యేదేమీ లేదనే కదా. అలాంటివాణ్ణి ఏం నేర్పమంటారు?"