కొట్టేసిన పేరు

చుట్టూ రాళ్ళగుట్టలున్న ఒక సైనిక శిక్షణ కళాశాలలో మూడో ఏడు చదువుతున్న తారకేశ్‌కు, జూనియర్లు ఏం చెప్పినా సాకులా వినిపించే జబ్బు ఉండేది. మిగతా విషయాల్లో అతనికి వంక పెట్టడానికి లేదు. పరుగులో ముందుండేవాడు, చదువులోనూ ముందుండేవాడు. పలాస నుంచి వచ్చిన ఆ బక్కపలచని కుర్రాడిని మూడో ఏడు మొదట్లోనే ఒక దళానికి సీనియర్‌ను చేశారు. భుజం మీద పట్టీ పడగానే మెడ కూడా కాస్త బిగుసుకుంది. ఆ వయసులో ఎవరికైనా అంతే అనుకోండి.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఒంట్లో బాగోలేనివాడు పొద్దున్నే వరుసలో నిలబడినప్పుడు తన దళం సీనియర్‌కు చెప్పుకోవాలి. సీనియర్ వాడి పేరు సిక్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో పేరు లేనివాడు ఆసుపత్రి గడప తొక్కడానికి లేదు.

తారకేశ్ అనుమానానికి ఒక కారణం ఉంది. మొదటి ఏడులో ఒకసారి, పెద్ద పరుగు ఉన్న రోజున, అతను కడుపునొప్పి అని అబద్ధం చెప్పాడు. అప్పటి సీనియర్ మారు మాట్లాడకుండా పేరు రాసి పంపించాడు. రోజంతా ఆసుపత్రి మంచం మీద పడుకుని బార్లీ నీళ్ళు తాగాడు మన వీరుడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, అప్పటినుంచీ నొప్పి అన్న ప్రతివాడిలోనూ అతనికి తనే కనిపించేవాడు.

ఆ ఏడు పన్నెండు కిలోమీటర్ల పరుగు పందెం దగ్గరపడింది. దళంలో ప్రతివాడూ పరుగెత్తాలి, ఒక్కడు తగ్గినా మార్కులు పోతాయి. వాళ్ళ దళం రెండేళ్ళుగా ఆఖరున నిలుస్తోంది. కళాశాల వదిలేలోగా పందెంలో ఇచ్చే కప్పు తెచ్చి తీరాలని తారకేశ్ పంతం పట్టాడు.

మంగళవారం పొద్దున ఈరన్న వచ్చి అతని ముందు నిలబడ్డాడు. ఈరన్న మొదటి ఏడు కుర్రాడు, ఆదోని లారీ డ్రైవరు కొడుకు. వాళ్ళ వీధిలో సైన్యంలో అధికారి కాబోయే మొదటివాడు అతనే.

"కాలు నొస్తాంది సర్. మోకాలి కింద, ఎముకలోనే పొడిచినట్లుంటాది," అన్నాడు.

"పందెం దగ్గరపడితే అందరికీ కాళ్ళే నొప్పులురా. ఆదివారం పరుగయ్యాక ఎన్ని నొప్పులైనా తెచ్చుకో," అన్నాడు తారకేశ్.

గురువారం ఈరన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి తారకేశ్ పుస్తకంలో అతని పేరు రాశాడు కూడా. కానీ సంతకం పెట్టబోతుంటే కప్పు గుర్తొచ్చింది, తను తాగిన బార్లీ నీళ్ళూ గుర్తొచ్చాయి. రాసిన పేరు మీద అడ్డంగా గీత గీసేశాడు. ఈరన్న సరే సర్ అని వరుసలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం అతను పరుగెత్తాడు. ఇంకో కిలోమీటరు ఉందనగా కాలువగట్టు దిగుతూ పడిపోయాడు. పక్కనే పరుగెత్తుతున్న తారకేశ్ లెమ్మని అరిచాడు. సీనియర్ మాట కదా, ఈరన్న లేచాడు. కుంటుతూ ముగింపు గీత దాకా వచ్చి, దాటాక కూలబడ్డాడు. కప్పు వాళ్ళకే వచ్చింది. దళం తారకేశ్‌ను భుజాలకెత్తుకున్నప్పుడు, అవతల ఈరన్నను స్ట్రెచర్ మీద తీసుకెళుతున్నారు.

ఎముకలో ముందే సన్నని చీలిక ఉండి ఉంటుందని, మంగళవారం వచ్చి ఉంటే కొన్నాళ్ళ విశ్రాంతితో అతుక్కునేదని, ఇప్పుడు రెండు ముక్కలైందని డాక్టరు చెప్పాడు. ముందే సీనియర్‌కు ఎందుకు చెప్పలేదని అధికారి ఈరన్నను అడిగాడు. తారకేశ్ మంచం పక్కనే ఉన్నాడు.

"నేనే చెప్పలేదు సర్," అన్నాడు ఈరన్న.

తారకేశ్ ఆ రోజుకి ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చాడు. మర్నాడు సిక్ పుస్తకం తీసుకెళ్ళి అధికారి బల్ల మీద పెట్టి, కొట్టేసిన పేరు తనే చూపించాడు. అతని పట్టీ తీసేశారు, ఆరు నెలలు వెనక్కి వేశారు. తోటివాళ్ళు ముందుగా అధికారులై వెళ్ళిపోతారు. దానికి అతను పెద్దగా బాధపడలేదు. అతన్ని కుంగదీసింది వేరే. కాలిలో ఇనుప కడ్డీ వేశాక, ఈరన్న ఇక సైన్యానికి పనికిరాడని వైద్యుల బోర్డు తేల్చింది.

ఇంటికి పంపించే రోజున తారకేశ్ అతని ట్రంకు పెట్టె మోసుకుంటూ జీపు దాకా వచ్చాడు. నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాడు.

"కాలు ఇరిగినాక నాదెట్లాగూ పోయిందనుకున్యా సర్. మీదెందుకు పోవాల?" అన్నాడు ఈరన్న, చంక కింద కర్ర సర్దుకుంటూ. "నేను సాకు చెప్పలేదని మీకు తెలిసింది. అది చాలు."

తన కడుపునొప్పి కథ అప్పుడైనా చెప్పేయాలనుకున్నాడు తారకేశ్. ఈలోగా జీపు కదిలింది.

తర్వాత అతనూ అధికారి అయ్యాడు. నొప్పి అని వచ్చిన ఏ జవానునూ డాక్టరు చూడకుండా వెనక్కి పంపలేదు. కొందరు నిజంగానే మోసం చేశారు, చేయనిచ్చాడు. అయినా ఆదోని కుర్రాడి కాలు తిరిగి రాలేదు.

నీతి: మన అబద్ధంతో ఎదుటివాడి నిజాన్ని కొలవకూడదు. చేతిలో అధికారం ఉన్నప్పుడు అసలే కొలవకూడదు.