చెంచి గీసిన ఇప్పచెట్టు

అనగా అనగా, ముసలాళ్ళ ముసలాళ్ళు కూడా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఉప్పు ఊరు ఉండేది. ఎటు చూసినా తెల్లటి ఉప్పుమళ్ళు. చెట్టు లేదు. చెట్టు లేదు కాబట్టి నీడ లేదు. నీడ లేదు కాబట్టి ఆ ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కుక్క కూడా తోక ముడుచుకుని గోడవారనే నిలబడేది.

ఆ ఊరికి కోడలుగా వచ్చింది చెంచి.

ఆమెది పడమటి కొండల్లో అడవి పల్లె. వాళ్ళ అవ్వ గుడిసెముందు పెద్ద ఇప్పచెట్టు. తెల్లారేసరికి రాలిన పూలమీద పాదం పెట్టకుండా గడప దాటటం కుదరదు. అట్లాంటి చోట పుట్టిన పిల్ల ఉప్పుమళ్ళలో కాళ్ళు పగలగొట్టుకుంటూ బతకాల్సొచ్చింది. మొగుడు తిరుపాలు మంచివాడు. అత్త ఆదెమ్మ మాట మాత్రం కరకు.

మొదటి ఏడు చెంచి అడిగింది. "మావా, ఒక్కసారి మా అడవికి పోయొద్దాం."

"ఉప్పు పండే కాలం గదా. పంట ఎత్తాక పోదాం" అన్నాడు తిరుపాలు.

రెండో ఏడు అడిగింది. "మావా, మా అడవికి పోయొద్దాం."

"గాలివానకు గట్లన్నీ కొట్టుకుపోయినయ్యి. కట్టుకున్నాక పోదాం."

మూడో ఏడు అడగలేదు. ఆ ఏడు బిడ్డ పుట్టి, పురిటి వాసన పోకముందే పోయింది. ఆదెమ్మే ఆ పసిగుడ్డును ఎత్తుకుపోయి, ఊరి చివర చవిటి పర్రలో గుంట తీసి, పైన గుప్పెడు ఉప్పు చల్లి వచ్చింది. ఎక్కడ పెట్టావని చెంచి అడగలేదు. ఆదెమ్మ చెప్పలేదు.

ఆ తరువాత ఒకరోజు తేనె అమ్ముకునే మనిషి ఊళ్ళోకి వచ్చాడు. చెంచి పరుగెత్తుకుంటూ పోయి అడిగింది. "అన్నా, మా పల్లె ఎట్లుంది? మా అవ్వ ఎట్లుంది?"

ఆ మనిషి తలెత్తలేదు. "అడవి కాలిపోయిందమ్మా. చెట్టూ లేదు, చేమా లేదు. పల్లె ఉన్నచోట బూడిద ఉంది."

చెంచి ఏడవలేదు. ఇంటికొచ్చి పొయ్యిలో బొగ్గు తీసింది. పడమటి గోడముందు కూచుంది. గీయటం మొదలుపెట్టింది.

బొగ్గుతో మాను గీసింది. కుండపెంకు నూరిన ఎర్రపొడితో చిగుళ్ళు పెట్టింది. పర్రలో మొలిచే ఆకు నూరి, ఆ పసరుతో ఆకులు దిద్దింది. గోడ చాలక కొమ్మలు దూలం దాకా పోయినయ్యి. అది గోడమీది ఇప్పచెట్టు. అవ్వ గుడిసెముందున్న ఇప్పచెట్టే.

"ఏందే ఈ పిచ్చిగీతలు? ఇల్లా, దెయ్యాల తోపా?" అంది ఆదెమ్మ.

చెంచి ఇంకో కొమ్మ గీసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఊళ్ళో ఏ గోడకూ నీడ లేదు. ఆ ఇంట్లో మాత్రం, తలుపులోంచి వెలుగు పడుతున్న నేలమీద, నీడ ఉంది. గోడమీది చెట్టు నీడ. అది కదులుతోంది. గాలి లేదు, ఆకు అల్లాడటం లేదు, నీడ మాత్రం కదులుతోంది.

చెంచి ఆ నీడలో చాప పరుచుకుని పడుకుంది. చల్లగా ఉంది. కళ్ళు మూసుకుంది. నిద్ర రాలేదు. ఆ రోజూ రాలేదు, మరునాడూ రాలేదు. గీసిన మనిషికి ఆ నీడలో కన్ను అంటుకోలేదు. మిగతావాళ్ళ సంగతి వేరు.

మొదట చేపలమ్మే కావమ్మ వచ్చింది. "అబ్బా, చల్లగుందే చెంచీ" అని గంప దించి నడుం వాల్చింది. లేచేసరికి జుట్టంతా తడి. నాలుకతో చూస్తే ఉప్పదనం లేదు, తియ్యటి నీళ్ళు. ఆ రోజునుంచి కావమ్మ గంప నెత్తినెట్టుకుని నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. పడమటికి తిరిగి అట్లనే నిలబడేది.

తరువాత ఉప్పుమళ్ళ కావలివాడు మస్తానయ్య వచ్చాడు. లేచేసరికి వాడి గుప్పిట్లో తుమికి గింజలున్నయ్యి. మూతికి పండు గుజ్జు అంటుకునుంది. ఆ ఊళ్ళో అడవిలో కాసే తుమికిపండు మొహం చూసినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం మస్తానయ్య పడమటికి నడుచుకుంటూ పోయాడు. కాళ్ళు పుండ్లు పడి తిరిగొచ్చాడు. "దారి లేదు. దారి దొరకలేదు" అని అదే మాట. పెళ్ళాన్ని చూసి, ఎవరమ్మా నువ్వు అన్నాడు.

ఊరు భయపడింది. చెంచి కూడా భయపడింది. తన గుండెలో ఉన్నదాన్ని గోడకు పెడితే అది ఎదుటివాళ్ళకు అంటుకుంటోంది. ఆ గది తలుపు మూసి బయటినుంచి గడియ పెట్టింది.

కానీ ఒకరోజు ఆదెమ్మ ఉప్పుగంపలు మోసి మోసి వడదెబ్బతో ఇంటికొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. గడియ తీసింది. "ఒక్క నిమిషం కూచుంటే ఏమైపోతదిలే" అనుకుని నీడలో కూచుంది.

చెంచి వచ్చేసరికి ఆదెమ్మ పడుకునుంది. ఊపిరి ఉంది. పిలిస్తే పలకదు. కదిపితే లేవదు. చెంచి ఆమె పాదాలు చూసింది. పాదాలకు ఎర్రమన్ను.

చెంచి వంగి ఆ మన్ను వేలితో తీసి చూసింది. ఆ మన్ను తనకు తెలుసు. అడవి మొదట్లో ఉంటది.

మర్నాడు ఆదెమ్మ పిక్కలమీద ముళ్ళు గీరుకున్న చారలు కనిపించినయ్యి. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉంది. ఆ ముళ్ళపొదలూ చెంచికి తెలుసు. అవి అడవి నడుమ ఉంటయ్యి. ఆ మరునాడు ఆదెమ్మ చీరలోంచి తడి వెదురాకు వాసన వచ్చింది. వెదురు దాటితే లోయ. చిన్నప్పుడు అవ్వ చెప్పేది, ఆ లోయలోకి దిగినవాళ్ళు ఎక్కిరారని.

తిరుపాలు సున్నం కలిపి కుండ ఎత్తాడు. "ఈ చెట్టును చెరిపేస్తా! మా అమ్మను నాకియ్యి!"

చెంచి అడ్డం పడింది. "వద్దు మావా! చెట్టు పోతే లోపలికి పోయిన దారి మూసుకుపోద్ది. అత్త అక్కడే ఉండిపోద్ది."

"మరేం చేద్దామే?"

"నన్ను అడవి పిలిచినట్టు అత్తను పిలిచేది ఏదో ఒకటి ఉంటది. అత్తకేమంటే ఇష్టం?"

తిరుపాలు సున్నంకుండ దించాడు. "ఏముంటది, ఉప్పే. ఏటా మొదటి ఉప్పు కట్టిన రోజు గట్టుమీద కూచుని ఏడుస్తది. ఎవరూ చూడలేదనుకుంటది."

చెంచి చెట్టుకు ఎదురుగా ఉన్న తూర్పుగోడకు పోయింది. సున్నంతో ఉప్పుకుప్ప గీసింది. అది గోడమీద సున్నంలాగే ఉంది. చెరిపి మళ్ళీ గీసింది. మళ్ళీ సున్నమే. ఆదెమ్మ ఊపిరి సన్నబడింది.

చెంచి చేతులు కడుక్కుని బయటికి నడిచింది. ఎండలో, ఉప్పుమళ్ళలోకి. ఇన్నేళ్ళు అక్కడ తల వంచుకుని పనిచేసింది. తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు గట్టుమీద కూచుని చూసింది. నీళ్ళమీద ఉప్పు పాలమీద మీగడలాగా కడుతోంది. చెవి ఒగ్గితే చిటచిటమని సన్నటి చప్పుడు. గుప్పెడు తీసి నాలుకమీద వేసుకుంది. ఆ రుచి నోట్లో ఉండగా, పర్ర చివర చిన్న మట్టిదిబ్బ కనబడింది. దానిమీద తెల్లగా ఉప్పు. గాలికి కొట్టుకుపోకుండా ఎవరో ఎప్పటికప్పుడు చల్లుతున్న ఉప్పు.

ఎవరు చల్లుతున్నారో చెంచికి అర్థమైంది.

అక్కడే చాలాసేపు కూచుంది. తన కడుపున పుట్టిన మనిషి ఒకరు ఈ మట్టిలోనూ ఉన్నారని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

ఇంటికొచ్చి మూడోసారి గీసింది. ఈసారి సున్నం ముట్టలేదు. తడి ఉప్పుతో గీసింది. పగిలిన వేళ్ళలోకి ఉప్పు దిగి మంట పుడుతుంటే గీసింది. మళ్ళు గీసింది, గట్లు గీసింది, కుప్పలు గీసింది. ఒక మూలన ఆ చిన్న దిబ్బ గీసింది. చివరి గీత పెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. తూర్పుగోడమీదినుంచి తెల్లటి వెలుగు లేచింది. ఉప్పుమీద ఎండ పడితే కళ్ళు చెదురుతయ్యే, ఆ వెలుగు. అది పోయి నీడలో ఉన్న ఆదెమ్మ కనురెప్పలమీద పడింది.

ఆదెమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అబ్బబ్బ, ఏం ఎండే ఇది! మళ్ళకు నీళ్ళు కట్టారా లేదా?"

తిరుపాలు అమ్మను పట్టుకుని బావురుమన్నాడు. ఊళ్ళో కావమ్మనూ మస్తానయ్యనూ పిలుచుకొచ్చి ఆ గోడముందు కూచోబెట్టారు. వాళ్ళూ తెప్పరిల్లారు. మస్తానయ్య పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచాడు.

అందరూ పోయాక ఆదెమ్మ కోడలిని దగ్గర కూచోబెట్టుకుంది. "చూశానే మీ అడవిని. పోయొద్దాం పోయొద్దాం అని ఎందుకు అడిగేదానివో ఇప్పుడు తెలిసింది." కోడలి పగిలిన వేళ్ళు తడిమి అంది. "వెదురు దగ్గర ఒక ముసలామె ఎదురొచ్చింది. చెంపమీద పచ్చబొట్టు ఉంది. మా చెంచి ఎప్పుడొస్తదీ అని అడిగింది."

చెంచి అత్త చెయ్యి పట్టుకుంది. పచ్చబొట్టు అవ్వది. "ఏం చెప్పావత్తా?"

"ఇంట్లో పనుంది, నిదానంగా వస్తదిలే అని చెప్పా."

చెంచి తొందరపడలేదు. ఆ ఊళ్ళోనే ఉంది. పిల్లలు పుట్టారు, పెరిగారు. అత్తను కాటికి సాగనంపింది. చెంచి జుట్టు ఉప్పుకంటే తెల్లబడింది. ఒకరోజు మధ్యాహ్నం చాప తీసుకుని ఇప్పచెట్టు నీడలోకి పోయింది.

"మావా, ఈసారి నాకు నిద్ర వస్తోంది" అంది. "నన్ను పిలవబాకండి."

తిరుపాలు పక్కన కూచున్నాడు. ఆమె పాదాలకు ఎర్రమన్ను అంటటం చూశాడు. పిక్కలమీద ముళ్ళచారలు చూశాడు. వెదురాకు వాసన వచ్చినప్పుడు లేచి, గుప్పెడు తడి ఉప్పు తీసుకుని తూర్పుగోడ దాకా పోయాడు. పాతగీతలు ఎప్పుడో రాలిపోయినయ్యి. మళ్ళీ గీస్తే వెలుగు వస్తదేమో. ఉప్పు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. అది నీరై వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా నిలబడ్డాడు. గీయలేదు.

చెంచి ఊపిరి ఆగినప్పుడు గది నిండా ఇప్పపూల వాసన.

ఆ ఇల్లు తరువాత ఉప్పెనలో పోయింది. అయినా ఇప్పటికీ ఆ తీరం ఊళ్ళకు కొత్తకోడలు వస్తే, పడమటి గోడమీద ఆమె పుట్టిన ఊరి చెట్టు ఒకటి గీయిస్తారు. ఎదురుగా తూర్పుగోడమీద అత్త తన చేత్తో తడి ఉప్పుతో ఒక కుప్ప గీస్తుంది. ఈ రెండూ అయ్యాకే పిల్లకు అన్నం పెడతారు. ఎవరైనా పనిలో ఉండి చూపు ఎక్కడో పెట్టుకుని నిలబడిపోతే, "ఏమబ్బా, చెంచి నీడ సోకిందా?" అని అడిగి, అరచేతిలో ఒక ఉప్పుకల్లు పెట్టి, పేరుపెట్టి పిలుస్తారు.

పలికితే సరే. పలకకపోతే ముందు పాదాలు చూస్తారు.