ఏడో నంబరు తొట్టి

పొట్టేలు పిల్ల చనిపోయిన మూడో రోజున డాక్టర్ నాగవేణి గురువుగారి గదికి వెళ్లింది. ఏడవడానికి కాదు, లెక్క అడగడానికి.

"సార్, ఏడో నంబరు పోయింది కదా. తొంభై రోజుల ప్రయోగంలో దానికి అరవై రోజులే నిండాయి. మిగిలిన గళ్లు పూరించడానికి ఒక సూత్రం ఉంది. అది వాడనా? లేకపోతే ఏడుని పూర్తిగా కొట్టేసి, పదకొండు పిల్లలతోనే థీసిస్ రాయనా?"

పశువైద్య కళాశాలలో ఆమెది పీజీ రెండో సంవత్సరం. డిగ్రీలో బంగారు పతకం వచ్చింది. పతకం పడ్డాక కొందరి మెడ వంగడం మానేస్తుంది. ఈ అమ్మాయికీ ఆ జబ్బు కాస్త సోకింది.

పన్నెండు పొట్టేలు పిల్లలకు, కాయలు కోసుకున్నాక మిగిలే వేరుశనగ కట్టె కలిపిన కొత్త దాణా పెట్టి, ఏది ఎంత తింటోందో, ఎంత పెరుగుతోందో చూడాలి. ఇదీ ఆమె పరిశోధన. పద్ధతి చాలా చిన్నది. సాయంత్రం ఒక్కో తొట్టిలో ఆరు వందల గ్రాములు తూచి పొయ్యాలి. పొద్దున్నే మిగిలింది తూచాలి. రెండూ పుస్తకంలో రాయాలి. ఇల్లు ఊడ్చినంత తేలిక. ఇల్లు ఊడ్చినంత విసుగు కూడా.

మస్తాన్ వలీ సారు ఆమె చెప్పిందంతా విన్నారు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు: సారు తిట్టరు, తిడితే బాగుండునని మనకే అనిపిస్తుంది.

"పుస్తకం తెచ్చావామ్మా?"

తెచ్చింది. ఆయన ఏడో నంబరు పేజీ తీసి, మిగిలిన దాణా రాసిన వరస మీద వేలు పెట్టారు. ఎనభై మూడు, నూట పదిహేడు, తొంభై ఆరు, డెబ్భై నాలుగు. వేలు మెల్లగా కిందికి దిగింది. యాభై ఆరో రోజు దగ్గర ఆగింది. తొంభై, ఎనభై ఐదు, తొంభై ఐదు, తొంభై, ఎనభై ఐదు.

మిగతా అంకెలన్నీ మేక పిల్లల్లా ఎటుపడితే అటు గెంతుతున్నాయి. ఈ ఐదు మాత్రం బడిపిల్లల్లా చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డాయి.

నాగవేణికి చెంపలు వేడెక్కాయి.

ఆ ఐదు రోజులూ ఆమె ఇక్కడ లేదు. తొట్లలో దాణా పొయ్యడం, మిగిలింది పారెయ్యడం షెడ్డు ఊడ్చే మనిషికి అప్పగించి హైదరాబాదులో ఒక సదస్సుకి వెళ్లింది. తన పొట్టేలు పిల్లలు ఎంత బాగా తింటున్నాయో తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకుంది. అరవయ్యో రోజు సాయంత్రం తిరిగొచ్చి, హాస్టల్ మంచం మీద బాసింపట్టు వేసుకుని, పన్నెండింటికీ ఐదు రోజుల అంకెలు వేసేసింది. రోజూ తినేవే కదా, పది గ్రాములు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా అనుకుంది. మర్నాడు పొద్దున షెడ్డుకి వెళ్తే ఏడో నంబరు కాళ్లు చాచి పడుంది. కోసి చూస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, కాలేయం ముక్కల్లా ఉన్నాయి.

పుస్తకం ప్రకారమైతే అది ఆఖరి రోజుదాకా కడుపునిండా తిని చచ్చింది.

సారు పుస్తకం మూశారు. ఆ ఐదింటి సంగతి అడగలేదు.

"సూత్రం సంగతి తర్వాత చూద్దాం. ఏడుకి దాణా పోస్తున్నావా?"

"సార్?"

"ప్రయోగం తొంభై రోజులది కదమ్మా. ఈ సాయంత్రం నుంచి ఏడుకీ పొయ్యి. పొద్దున మిగిలింది తూచి రాయి. వేరేవాళ్లకి అప్పగించకు, నువ్వే తూచు."

"సార్, అది చచ్చిపోయింది."

"తెలుసు," అన్నారాయన. "తూచి రాయి."

ఇది శిక్షో ఎగతాళో ఆమెకి తెలియలేదు. పళ్లు బిగబట్టి షెడ్డుకి పోయింది. ఏడో నంబరు ఉండే ఖాళీ అర ముందు నిలబడి ఆరు వందల గ్రాములు తూచి తొట్టిలో పోసింది. షెడ్డు ఊడ్చే సుంకులమ్మ చీపురు పక్కన పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"సచ్చినదాని కండ్లు చారెడంట. బతికినప్పుడు చూసేకి తీరల్యా, సచ్చినంక సద్ది పెడుతుండావా?"

"సార్ చెప్పారక్కా."

"సారు చెప్పినారా!" సుంకులమ్మ గొంతు తగ్గింది. కాసేపు తొట్టి వైపే చూసింది. "ఆ ఐదు దినాలూ అది నోరు ముట్టలేదు పాపా. పోసిన దాణా పోసినట్టే ఉండె. నువ్వు పారెయ్యమంటివి కదా, తీసి పక్క షెడ్డు మేకలకేస్తి."

"నాకు చెప్పాలి కదక్కా!"

"మూడుసార్లు ఫోన్ చేస్తి. నువ్వు ఎత్తల్యా. డాక్టరమ్మవి నువ్వు, నేను గంపెత్తేదాన్ని. నేనింకేం చేతు?"

ఫోన్ తీసి చూడక్కర్లేదు. ఆ మూడు కాల్స్ నాగవేణికి గుర్తున్నాయి. ఒకటి వచ్చినప్పుడు ఆమె వేదిక మీద ఉంది. రెండోసారి భోజనాల దగ్గర. మూడోసారి ఊరికే విసుగేసి కట్ చేసింది.

మర్నాడు పొద్దున పదకొండు తొట్లూ తూచి ఏడో దాని దగ్గరికి వచ్చింది. తినే నోరే లేదు, తూచేదేముందని పుస్తకంలో 'ఆరు' అంకె వేసేసింది కూడా. పక్కన రెండు సున్నాలు పెట్టబోతూ ఎందుకో ఆగి, దాణా ఎత్తి కాటా మీద పెట్టింది.

ఆరు వందల నాలుగు.

కాటా పాడైందేమోనని మళ్లీ తూచింది. ఆరు వందల నాలుగే. దాణాని చేత్తో తడిమింది. చల్లగా, మెత్తగా ఉంది. తెల్లారుజామున మంచు పడింది.

ఆ తర్వాతి రోజు ఐదు వందల తొంభై ఏడు. తొట్టి అంచు మీద చీమల బారు ఉంది. ఆ తర్వాత ఐదు వందల ఎనభై తొమ్మిది. పిచ్చుక ఒకటి కమ్మీల మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. ఎవరూ తినని తొట్టికి కూడా రోజుకో అంకె. ఒక్కనాడు కూడా ఆరు వందలు కాలేదు.

పక్క అరలోని ఎనిమిదో నంబరు రోజూ పొద్దున్నే కమ్మీల సందులోంచి మూతి దూర్చి ఖాళీ అరలోకి చూసేది. ఒకసారి అరిచి, జవాబు కోసం ఆగేది. నాగవేణి దాణా తూస్తూ దాని వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేది.

డెబ్భై ఏడో రోజు పొద్దున ఎనిమిది అరవలేదు. దాని తొట్టిలో రెండు వందల పన్నెండు గ్రాములు మిగిలింది. ముందు రోజు నూట ఒకటే.

నాగవేణి పుస్తకం కింద పడేసి కమ్మీలు ఎక్కి లోపలికి దూకింది. జ్వరం నూటఐదు దాటింది. ఛాతీ మీద స్టెతస్కోపు ఆనిస్తే లోపల ఎండుటాకులు నలిగిన చప్పుడు. అప్పటికప్పుడు దాన్ని షెడ్డు అవతలి చివరి అరలోకి మార్చింది. సూది వేసింది. కింద పొడిగడ్డి పరిచి గోనెపట్టా కప్పింది. మిగతా పదింటికీ జ్వరం చూసింది. మర్నాడు సూది, ఆ మర్నాడు సూది, నాలుగో నాడూ సూది.

ఐదో రోజు పొద్దున తొట్టిలో తొంభై ఎనిమిది గ్రాములు మిగిలింది. ఎనిమిది తల విదిలించి గట్టిగా అరిచింది.

"బతికించితివి కదమ్మా!" సుంకులమ్మ ముఖమంతా నవ్వింది. "గట్టిదానివే నువ్వు! ఇప్పుడైతివి డాక్టరమ్మవి."

నాగవేణి నవ్వలేదు. ఏడో నంబరు తొట్టి పక్కన నేల మీద కూలబడింది.

"నాలుగు సూదులక్కా," అంది. "నాలుగే."

సుంకులమ్మ నవ్వు ఆగిపోయింది. చీపురు తీసుకుని, ఆ తొట్టి చుట్టూ మాత్రం వదిలేసి, మిగతా షెడ్డంతా ఊడ్చింది.

తొంభయ్యో రోజున నాగవేణి పుస్తకం పట్టుకుని సారు గదికి వెళ్లింది. ఆయన ఏడో పేజీ తీశారు.

యాభై ఆరో రోజు నుంచి ఐదు అంకెల మీదా ఒక్కొక్క గీత ఉంది. కింది అంకె ఇంకా కనిపిస్తూనే ఉంది. పక్కన ఎర్ర సిరాతో రాసింది: 'తూచలేదు. తూచినట్టు రాశాను.' కింద సంతకం, తేదీ. సారు ఎనిమిదో పేజీ తిప్పారు. అక్కడా అంతే. మొదటి పేజీకి వెళ్లారు. అక్కడా అంతే. పన్నెండు పేజీల్లోనూ కలిపి అరవై గళ్లు, అరవై సంతకాలు.

"సూత్రం అక్కర్లేదు సార్," అంది నాగవేణి. "ఈ ఐదు రోజుల వల్ల నా థీసిస్ నిలబడదేమో. మళ్లీ మొదటి రోజు నుంచి చెయ్యమంటే చేస్తాను. ఏడాది పోతే పోనివ్వండి."

సారు మళ్లీ ఏడో పేజీకి వచ్చి, అరవై నాలుగో రోజు మీద వేలు పెట్టారు.

"పోసింది ఆరు వందలు. మిగిలింది ఆరు వందల నాలుగు. ఎందుకు పెరిగింది?"

"మంచు సార్. ఆ పొద్దున మంచు పడింది."

"ఇక్కడ తగ్గింది."

"చీమలు. ఆ కిందిది పిచ్చుక."

ఆయన తలూపారు. ఇరవై ఏడు రోజులూ అలా ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్లి, పేజీ చివర తన సంతకం పెట్టారు. కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

"ఇంక ఏడుకి దాణా ఆపెయ్ తల్లీ."

నాగవేణి సరేనన్నట్టు తలూపింది. లేవబోయింది. మళ్లీ కూర్చుని పుస్తకం మీద తల వాల్చింది.

మస్తాన్ వలీ సారు తన కుర్చీలోంచి లేచి, వరండాలోకి వెళ్లి, తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.