గోరు దిగిన ఇనుము

అనగనగా, ఏడు సముద్రాలకు అవతల కాదు, ఒక్క నదికి ఇవతలే, రేవుకోట అనే రాజ్యం ఉండేది. దాన్ని మణికేతుడనే రాజు ఏలేవాడు. రాజుల కాలంలో డీజిలు ఇంజన్లెక్కడివని నన్నడక్కండి. ఈ కథలో ఉన్నాయి, అంతే.

నదికి ఈ ఒడ్డున కోట, కోట పక్కన సంత. నది నడుమ మొగలిలంక. లంకవాళ్ళు కూరగాయలు పండించి, రోజూ లాంచీలో ఈ ఒడ్డుకు తెచ్చి అమ్ముకునేవారు. రాజ్యం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క లాంచీ. దాని పేరు రాజహంస. వానాకాలంలో వరదొస్తే లంక మునిగేది. అప్పుడు లంకవాళ్ళను ఒడ్డుకు చేర్చాల్సింది కూడా ఆ లాంచీయే.

లాంచీ ఇంజను నడిపేవాడు నూకరాజు. అతనికి చదువు లేదు. కానీ ఇంజను మీద ఓ కర్ర ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడంటే, లోపల ఏం జరుగుతోందో చెప్పేసేవాడు. ఇంజను మాట్లాడుతుందా అని నవ్వకండి. వినేవాడికి మాట్లాడుతుంది. అతని భార్య పైడమ్మ. ఆమె రోజూ వంకాయల గంపతో అదే లాంచీలో వచ్చి, అదే లాంచీలో తిరిగి పోయేది. గంప ఎప్పుడూ ఇంజను పక్కనే దించేది.

ఒక ఎండాకాలం, ఇంజనును చల్లబరిచే నీళ్ళ గొట్టం పూడిపోయి, అది కాలిపోయేంత వేడెక్కింది. దాని హెడ్డు వంకరపోయింది. హెడ్డంటే ఇంజనుకు మూత. కుండ మీద మూకుడు సరిగ్గా కూర్చోకపోతే ఆవిరి పక్కనుంచి తన్నుకొస్తుంది కదా, ఇదీ అంతే. దాని అడుగును మిషను మీద పెట్టి, పొరలు పొరలుగా తీసి, చదును పట్టాలి.

ఆ పని రాజ్యంలో శరభయ్య ఒక్కడికే వచ్చు. అతని ముంజేతికి రాజుగారు స్వయంగా తొడిగిన బంగారు కంకణం ఉండేది. "శరభయ్య చెయ్యి తప్పదు" అని పిల్లలు కూడా ఆటల్లో పాడుకునేవారు. ముప్ఫయ్యేళ్ళుగా తప్పలేదు కూడా. పాపం, ఆ పేరే అతని కొంప ముంచింది.

శరభయ్య హెడ్డును మిషను మీద బిగించాడు. మొదటి పొర తీశాడు. బాగా వచ్చింది. రెండో పొర తీశాడు. అదీ బాగా వచ్చింది. మూడో పొర తీస్తుండగా బిగింపు బోల్టు ఒకటి జారింది. ఉలి ఓ మూల కసుక్కున దిగిపోయింది. వేలెడు పొడవున ఒక గుంట పడింది.

శరభయ్య మిషను ఆపి, ఆ గుంటకేసి చాలాసేపు చూశాడు. గుంట పోయేదాకా చుట్టూ పొరలు తీద్దామంటే, హెడ్డు పలచబడి పగిలిపోతుంది. ఇక కొత్త హెడ్డు పోత పోయడం ఒక్కటే దారి. అది నలభై రోజుల పని. అంతకంటే ముందు రాజు దగ్గరికెళ్ళి, "చెయ్యి తప్పింది ప్రభూ" అనాలి. ఆ మూడు మాటలు అతని నోట రాలేదు. తలుపు గడియ పెట్టి, సీసం కరిగించి, గుంటలో పోశాడు. చల్లారాక ఆకురాయితో రాసి నున్నగా చేశాడు. చూపుకు ఇనుములో ఇనుములా కలిసిపోయింది.

సీసం ఎంత మెత్తనిదో, ఎంత తొందరగా కరుగుతుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ రాజ్యంలో లేడు.

ఇక్కడ ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. రేవుకోటలో ఏ యంత్రాన్ని బాగుచేసినా, బిగించాక దానికి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. ఒకసారి బొట్టు పడిందంటే, ఏడాది తిరిగేదాకా ఎవరూ దాన్ని విప్పకూడదు. విప్పితే అపశకునం. పూర్వం బొట్టుకు ముందు ముగ్గురు పెద్దలు వచ్చి పనిని తడిమి చూసేవారట. రానురాను ఆ చూడడం పోయింది, బొట్టు మిగిలింది.

రాజహంసకు సాక్షాత్తూ రాణిగారే వచ్చి బొట్టు పెట్టారు.

పదిరోజులు గడిచాయి. నూకరాజు శరభయ్య ఇంటికి వెళ్ళాడు.

"అయ్యగారూ, ఇంజన్లో పోసిన నీళ్ళు తగ్గిపోతన్నాయండి. బయటెక్కడా కారట్లేదు. లోపలికే పోతన్నాయి. ఒక్కపాలి ఇప్పి సూద్దారండి" అన్నాడు.

నిజం శరభయ్య గొంతుదాకా వచ్చింది. గుటక వేసి మింగేశాడు.

"కొత్త పని కదా నూకరాజూ. నాలుగు రోజులు నడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నాడు.

మరో పదిరోజులకు నూకరాజు ఒక చెంబు పట్టుకొచ్చాడు. చెంబులో ఏదో తెల్లగా, చిక్కగా ఉంది.

"మజ్జిగనుకునేరు, ఇంజను నూనండి ఇది. నీళ్ళు కలిసిపోయి ఇలాగైపోయింది. నాకు బయమేస్తందండి. మా ఆడది రోజూ ఆ లాంచీలోనే తిరుగుద్ది."

శరభయ్య చెంబు అందుకుని, అందులోకి తొంగి చూశాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. స్పానరు తీసుకుని రేవుకు వెళ్ళి, హెడ్డు బోల్టులు ఇంకాస్త బిగించి వచ్చాడు. కొన్నాళ్ళు నీళ్ళు తగ్గడం ఆగింది. శరభయ్య ఆ కొన్నాళ్ళూ కడుపునిండా తిన్నాడు.

మూడోసారి నూకరాజు శరభయ్య దగ్గరికి వెళ్ళలేదు. కర్ర ఆనించి విన్నాడు. హెడ్డు ఓ మూల నుంచి బుస్సుమని గాలి పోతున్న చప్పుడు. మాసిన బట్టలతోనే తిన్నగా రాజసభకు వెళ్ళాడు.

"మారాజా, వరదలొచ్చే కాలం. ఆ హెడ్డు మూత సరిగ్గా కూకోలేదు. ఎదురు నీటిలో, నిండు బరువుతో అది నిలబడదు. ఒక్కపాలి ఇప్పించి సూడండి."

రాజు ముఖం ఎర్రబడింది. "రాణి తన చేత్తో పెట్టిన బొట్టు చెరపమంటావా?"

"బొట్టు చెరిగితే మళ్ళీ పెట్టుకోవచ్చండి. మనిసి పోతే మళ్ళీ రాడండి."

సభలో గుసగుసలు బయలుదేరాయి. రాజు శరభయ్య వైపు తిరిగాడు. "శరభయ్యా, నీ పని మీద నీకు నమ్మకముందా?"

సభంతా అతని వైపే చూసింది. శరభయ్య తన కంకణం వైపు చూసుకున్నాడు.

"ఉంది ప్రభూ" అన్నాడు.

ఎంత చిన్న మాట! నాకైతే ఆ మాట దగ్గరికొచ్చినప్పుడల్లా శరభయ్య నోరు మూసేయాలనిపిస్తుంది.

నూకరాజు అటునుంచటే లాంచీ ఎక్కి, స్పానరు తీసి మొదటి బోల్టుకు వేశాడు. భటులు వచ్చి అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. బొట్టు పెట్టిన యంత్రాన్ని విప్పబోయాడని అతని ఉద్యోగం తీసేశారు. చెప్పిన మాట వినే కొత్త డ్రైవరును పెట్టారు.

ఇంటికొచ్చి నూకరాజు భార్యతో, "ఆ లాంచీ ఎక్కొద్దే పైడీ" అన్నాడు.

పైడమ్మ నవ్వింది. "ఎక్కకపోతే ఈదుకుంటా ఎల్లమంటావా మావా? వంకాయలు కుళ్ళిపోవూ? రాజుగారి లాంచీ, శరభయ్యగారి పని, రాణిగారి బొట్టు. అందరికీ లేని బయం నీకెందుకు?"

అతని దగ్గర ఉన్నది ఒక కర్ర, ఒక చెవి. అవతల ముగ్గురు పెద్దవాళ్ళ పేర్లు. భార్యను కూడా ఒప్పించలేకపోయాడు. ఒక పాత పడవ సంపాదించుకుని, ఈ ఒడ్డు వెంట ఉన్న ఊళ్ళకు గడ్డి మోపులు చేరవేస్తూ బతకసాగాడు.

ఆ ఏడు వరద తొందరగా వచ్చింది. తెల్లవారేసరికి లంకలో మోకాలిలోతు నీళ్ళు. రాజహంస బయలుదేరింది. మొదటి విడత ముసలివాళ్ళు ఒడ్డు చేరారు. రెండో విడత బిడ్డతల్లులు చేరారు. రెండుసార్లూ పైడమ్మకు చోటుంది. రెండుసార్లూ ఆమె, "ముందు ఆళ్ళనెక్కించండి, నేను తరవాతొత్తాను" అంది.

మూడో విడతలో నలభైమంది ఎక్కారు. పైడమ్మ ఎప్పటిలాగే గంప ఇంజను పక్కన దించి, దానికి ఆనుకుని కూర్చుంది. అప్పటికి మిట్టమధ్యాహ్నం. నది ఎర్రగా పొంగి, చెట్లను వేళ్ళతో సహా మోసుకొస్తోంది. నిండు బరువుతో, ఎదురు నీటిలో ఇంజను రొప్పుకుంటూ వచ్చింది. హెడ్డు వేడెక్కింది. ఆ మూల సీసం మెత్తబడింది. తర్వాత కరిగింది. ఆ సందులోంచి నీళ్ళు ఇంజను లోపలికి దూకాయి.

ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

ముందురోజు గడ్డి మోపులతో ఎగువకు వెళ్ళి, అప్పుడే ఈ ఒడ్డుకు తిరిగొచ్చిన నూకరాజుకు కర్ర అవసరం లేకపోయింది. ఆ నిశ్శబ్దం అతనికి వినపడింది. లాంచీ ప్రవాహానికి అడ్డం తిరిగింది, ఒరిగింది, బోర్లాపడింది. కేకలు కూడా ఎంతోసేపు వినపడలేదు.

నూకరాజు పడవను నీళ్ళలోకి తోశాడు. మొదటిసారి వెళ్ళి పదకొండుమందిని తెచ్చాడు. రెండోసారి పన్నెండుమందిని తెచ్చాడు. చేతులు బొబ్బలెక్కి నెత్తురు కారుతున్నా మూడోసారి వెళ్ళాడు. మూడోసారి అతనికి గంప ఒక్కటే దొరికింది. గంపకు కట్టిన గుడ్డ విప్పితే లోపల అతని ఉతికిన చొక్కా ఉంది. ఇల్లు మునిగిపోతుంటే ఆమె అది తెస్తోంది.

నలభైమందిలో పదిహేడుమంది తిరిగి రాలేదు. కొత్త డ్రైవరూ రాలేదు, పైడమ్మా రాలేదు.

వరద తీశాక రాజహంసను ఏనుగుల చేత ఒడ్డుకు లాగించారు. రాజు నడిచి వచ్చాడు. రాణిగారి బొట్టును నది ఎప్పుడో కడిగేసింది. నూకరాజు స్పానరు పట్టుకుని ఒక్కొక్క బోల్టే విప్పాడు. ఈసారి భటులెవరూ కదల్లేదు. హెడ్డును తిరగేసి రాజు ముందు పెట్టాడు.

"ఈ మూల గోరు పెట్టి సూడండి మారాజా."

రాజు బొటనవేలి గోరుతో నొక్కాడు. గోరు దిగింది.

"ఇనుములో గోరు దిగడమేమిటి?"

"ఇనుం కాదండి, సీసం. సగం కరిగిపోగా మిగిలింది ఇది."

జనంలోంచి శరభయ్య తూలుతూ ముందుకొచ్చాడు. బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"చెయ్యి తప్పింది ప్రభూ" అన్నాడు.

ఆ మూడు మాటలు బయటికి రావడానికి ఇన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది.

రాజు గోరులో ఇరుక్కున్న సీసాన్ని చూసుకుంటూ ఉండిపోయాడు. "విప్పనివ్వనిది నేను. నాకు తీర్పు చెప్పే అర్హత లేదు. నూకరాజూ, ఇతనికి ఏ శిక్ష వెయ్యాలో నువ్వే చెప్పు" అన్నాడు.

ఉరి అంటాడనుకున్నారు అందరూ. నూకరాజు గంపలో దొరికిన చొక్కాను చేతిలో నలిపాడు.

"ఉరేస్తే హెడ్డెవరు సేత్తారండి? లంకలో జనం ఇంకా ఉన్నారు. ఈయన్నే సెయ్యమనండి. బొట్టు మటుకు ముందెట్టకండి. లాంచీ ఎక్కేవోళ్ళు ముందు తడిమి సూత్తారు. ఆ తరవాతే బొట్టు."

రాజు సరేనన్నాడు.

నలభై రోజులు శరభయ్య కొలిమి చల్లారలేదు. నలభయ్యో రోజున అతను కొత్త హెడ్డును భుజాన మోసుకొచ్చి నడిసంతలో దించాడు. జనం మూగారు. అద్దంలా మెరుస్తున్న పని. వేలు పెట్టి తప్పు చూపగలిగినవాడు లేడు.

"ఇది చెడింది" అన్నాడు శరభయ్య, అందరికీ వినపడేలా. "పోతలో లోపల గాలిబుడగ పడింది. కొట్టి చూస్తే మోత తేడాగా ఉంది. మీకు తెలియదు, నాకు తెలుసు. మళ్ళీ చేస్తాను." సమ్మెట ఎత్తి నాలుగు దెబ్బల్లో దాన్ని ముక్కలు చేశాడు. విరిగిన చోట బుడగ కనపడింది. తర్వాత కంకణం తీసి ఆ ముక్కల పక్కన పెట్టాడు.

నూకరాజు వచ్చి అతని ముందు నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే శరభయ్యకు కాస్త తేలికగా ఉండేదేమో.

"ఈ ఒక్క మాట ఆ రోజనుంటే అయ్యగారూ, మా పైడి ఇంటికొచ్చేది."

శరభయ్య వంగి, విరిగిన ఇనుప ముక్కలు ఏరుకుని కొలిమికి వెళ్ళాడు.

రెండో హెడ్డుకు మరో నలభై రోజులు పట్టింది. లంకవాళ్ళు వరసకట్టి వచ్చి, ఒక్కొక్కరే దాని నాలుగు మూలలూ గోటితో గీసి చూశారు. చివర నూకరాజు గట్టిగా గీశాడు. అతని గోరు విరిగింది, ఇనుము మీద గీత పడలేదు. అప్పుడు దాన్ని ఇంజనుకు బిగించి, అతనే బొట్టు పెట్టాడు. అతనే నడపగా రాజహంస మళ్ళీ లంకకు బయలుదేరింది. ఇంజను పక్కన గంప పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు నూకరాజు.

అందుకే పిల్లలూ, పని చెడినప్పుడు చెడిందని వెంటనే చెప్పండి. చెప్పకుండా దాచిన తప్పుకు, ఆ తప్పు చెయ్యనివాళ్ళు ప్రాణాలిస్తారు.